నెలనెలా సూది వేయించుకుంటున్నా, ఒంట్లో ఏ బాధా లేదు. ఇంకా పరీక్షలు ఎందుకు?

చెల్లెమ్మా, మీరు అడిగింది మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీ వయసు 31, ఉండేది హనుమకొండ. నాలుగేళ్లుగా కస్టమర్లతో ఫోన్లోనే మాట్లాడుకుని సెక్స్ వర్క్ చేస్తున్నారు. మంట లేదు, పుండు లేదు, నొప్పి లేదు. అయినా ముందుజాగ్రత్తకని నెలకోసారి తెలిసిన ఆర్‌ఎంపీ దగ్గర ‘ఇన్ఫెక్షన్ రాకుండా’ సూది వేయించుకుంటున్నారు. కస్టమర్లతో కండోమ్ తప్పకుండా వాడతారు. ఇంట్లో మనిషితో, అంటే భూపాలపల్లి నుంచి బొగ్గు లారీ నడిపే ఆయనతో, వాడరు. సర్కారు దవాఖానకు పోతే పేరు బయటపడుతుందని భయం. ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటున్నప్పుడు ఇంకా పరీక్షలు అవసరమా అన్నది మీ ప్రశ్న.

అవసరం. ఈ నెలలోనే చేయించుకోండి. ఆ సూది ఇక ఆపేయండి. అది మిమ్మల్ని ఏ జబ్బు నుంచీ కాపాడడం లేదు. బాధ లేదు కాబట్టి జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు, ఆడవాళ్ల విషయంలో అసలే వీల్లేదు. మీరు రాసినదాన్ని బట్టి జబ్బు రావడానికి ఎక్కువ అవకాశం ఉన్న దారి కస్టమర్లు కాదు, మీ ఇల్లే. ఇది ఎందుకంటున్నానో కింద వివరంగా రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

నేను డాక్టరును కాదు. సుఖవ్యాధుల క్లినిక్‌లో కౌన్సెలర్‌గా 16 ఏళ్లు పనిచేశాను. అంతకుముందు కొంతకాలం హెచ్‌ఐవీ నివారణ ప్రాజెక్టులో ఫీల్డు పని చేశాను. వరంగల్, కాజీపేట, పరకాల, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే ఆడవాళ్లతోనే నా పనంతా గడిచింది. మందు రాయాల్సింది డాక్టరే. నేను కింద మందుల పేర్లు రాసేది మీకు విషయం తెలియాలని. ఈ పేర్లు చూసి మెడికల్ షాపుకు పోయి కొనుక్కోవద్దు.

ముందు ఆ సూది సంగతి. కాజీపేట వైపు నుంచి ఒకామె వచ్చేది. మీలాగే రెండేళ్లు నెలనెలా సూది. ‘ఈసారి ఆ ఖాళీ సీసా అడిగి తీసుకురా’ అన్నాను. చేతిరుమాలులో మూటగట్టి తెచ్చింది. విప్పి చూస్తే బీ-కాంప్లెక్స్. ఇంకొకామె తెచ్చిన సీసా డైక్లోఫెనాక్, అంటే ఒళ్లునొప్పుల సూది. మరొకరిది నిజంగానే యాంటీబయోటిక్, జెంటామైసిన్. మూడింటికీ ఆ వేసినవాళ్లు చెప్పిన మాట ఒకటే: ‘ఇది వేస్తే నెలంతా ఏ ఇన్ఫెక్షనూ రాదు.’

అలాంటి సూది లోకంలో లేదు. సిఫిలిస్‌ది ఒక క్రిమి, గనేరియాది ఒకటి, క్లామిడియాది ఇంకొకటి. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి చేయదు. హెచ్‌ఐవీ, హెర్పిస్, హెపటైటిస్-బీ, పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ, ఇవన్నీ వైరస్‌లు. యాంటీబయోటిక్ వీటిని ముట్టుకోనైనా ముట్టుకోదు. పోనీ నిజమైన యాంటీబయోటిక్కే అనుకుందాం. జెంటామైసిన్ లాంటిది ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. మిగతా 28 రోజులు మీకు అడ్డు ఏముంది?

పైగా నష్టం కూడా ఉంది. అరకొర మందు పడితే జబ్బు చావదు, లక్షణం మాత్రం అణిగిపోతుంది. బయటికి కనిపించే ఒక్క గుర్తు కూడా పోయి, జబ్బు లోపలే పాకుతుంది. మందుకు క్రిమి అలవాటు పడిపోవడం ఇంకో సంగతి. గనేరియాకు ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ గోలీ ఒక్కటి వేస్తే సరిపోయేది. ఇష్టమొచ్చినట్టు వాడి వాడి ఇప్పుడు దానికి ఆ మందు పనిచేయడం లేదు. ఇక సిరంజి మీ కళ్ల ముందు కొత్త ప్యాకెట్ చింపి తీశారా లేదా అన్నది ఎప్పుడైనా గమనించారా? వాడిన సూదే మళ్లీ వాడితే హెపటైటిస్-బీ, సీ, హెచ్‌ఐవీ మూడూ ఆ దారిన వస్తాయి. జబ్బు రాకుండా వేయించుకున్న సూదితోనే జబ్బు వస్తుంది.

ఇప్పుడు ‘బాధ లేదు కదా’ అన్న మాట. మగవాళ్లకు గనేరియా వస్తే కొద్ది రోజుల్లోనే మూత్రం పోసేటప్పుడు మంట, చీము. ఎంత మొండివాడైనా దవాఖానకు పరుగెత్తాల్సిందే. ఆడవాళ్లలో అదే క్రిమి గర్భసంచి మూతి దగ్గర కూర్చుంటుంది. అక్కడ మనకు పెద్దగా స్పర్శ తెలియదు. గనేరియా వచ్చిన ఆడవాళ్లలో సుమారు సగం మందికి, క్లామిడియా అయితే ఇంకా ఎక్కువ మందికి, ఏమీ తెలియదు. మామూలుగా అయ్యే తెల్లబట్టే కదా అనుకుంటారు. ఆ క్రిమి మెల్లగా పైకి, గర్భసంచిలోకి, అండం వచ్చే గొట్టాల్లోకి పోతుంది. అప్పుడు పొత్తికడుపు నొప్పి మొదలవుతుంది. ఒకామె ఆరు నెలలు ఆ నొప్పికి నొప్పుల గోలీలు మింగుతూ పని చేసింది. మా దగ్గరికి వచ్చేసరికి వంగి నడుస్తోంది. డాక్టరమ్మ పసుపు రంగు కిట్ ఇచ్చింది, 14 రోజుల మందు. సర్కారు క్లినిక్‌లో ఒక్కో రకం జబ్బుకు ఒక్కో రంగు మందుల కిట్ ఉంటుంది. నొప్పి తగ్గింది. కానీ గొట్టాలు మూసుకుపోతే దాన్ని ఏ కిట్టూ తెరవలేదు. పిల్లలు కాకపోవడం, గర్భం గొట్టంలోనే నిలిచి ప్రాణం మీదికి రావడం అక్కడి నుంచే మొదలవుతాయి.

సిఫిలిస్ ఇంకా మోసకారిది. పెద్దవాళ్లు సవాయి అనేది దీన్నే. అంటుకున్న మూడు వారాలకు అటూ ఇటూగా ఒక పుండు వస్తుంది. నొప్పి ఉండదు. ఆడవాళ్లకు అది లోపల గోడ మీద వస్తే కంటికి కూడా కనిపించదు. మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. పోయిందనుకుంటాం. పోలేదు, రక్తంలో దాక్కుంది.

దీని గురించి ఒక్క మనిషిని ఎప్పుడూ మర్చిపోలేను. పరకాల వైపు నుంచి వచ్చింది, నలభై ఏళ్లుంటాయి. రెండు చేతులూ టేబుల్ మీద పెట్టి ‘ఈ కొత్త సబ్బుపొడి నాకు పడ్తలేదు మేడమ్’ అన్నది. అరచేతుల్లో రాగి రంగు మచ్చలు, కందిగింజ అంత. దురద లేదు. చెప్పు విడవమన్నాను. అరికాళ్లలో కూడా అవే మచ్చలు. సబ్బుపొడి పడకపోతే చేతులు దురద పెట్టాలి, అరికాళ్లకు రావాల్సిన పని లేదు. రక్తం తీస్తే సిఫిలిస్, రెండో దశ. అప్పటికి ఆమె రెండు చోట్ల ఎలర్జీ మందులు వాడి వచ్చింది.

దీనికి మందు ఉంది, చవకైనది, పాతది, ఇప్పటికీ గట్టిగా పనిచేసేది. బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదుకు సగం చొప్పున. జబ్బు కొత్తదైతే ఒకసారి చాలు. పాతదైతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. ముందు చర్మం మీద కొంచెం వేసి పడుతుందో లేదో చూస్తారు. ఇది నేను ప్రతి ఒక్కరికీ ముందే చెప్పేదాన్ని: సూది వేసిన రోజు రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, మచ్చలు ఎర్రబడొచ్చు. క్రిములు ఒక్కసారిగా చచ్చేటప్పుడు అలా అవుతుంది, ఒక రోజులో తగ్గుతుంది. చెప్పకపోతే ‘మందు పడలేదు’ అని తర్వాతి సూదికి రారు. అయితే ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా అది వేరే. అది ఎలర్జీ, వెంటనే దవాఖానకు రావాలి.

ఇంకో చిక్కు కూడా చెప్తాను, చాలామంది దీనితో వృథాగా ఏడుస్తారు. సిఫిలిస్ నయమైపోయాక కూడా ఒక రకం రక్తపరీక్ష చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే చూపిస్తుంది. జబ్బు పోయిందా లేదా తెలిసేది ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ అనే పరీక్షలో వచ్చే అంకె తగ్గడాన్ని బట్టి. 1:32 ఉన్నది 1:8కి దిగితే మందు పనిచేసినట్టు. కాబట్టి పాత రిపోర్టులు పారేయకండి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది, మీ ఇంట్లో మనిషి గురించి.

ఇన్నేళ్లలో నా ముందు కూర్చుని రిపోర్టు చూసి ఏడ్చినవాళ్లలో చాలామంది కస్టమర్లతో కండోమ్ వాడినవాళ్లే. అబద్ధం చెప్పలేదు, నిజంగానే వాడారు. వాడనిది భర్తతోనో, భర్త లాంటి మనిషితోనో. ఒకామెను అడిగాను, ‘ఆయనతో కూడా వాడొచ్చు కదమ్మా’ అని. ఆమె నన్ను తిరిగి అడిగింది: ‘అది పెట్టుకుంటే ఆయనకు, కస్టమర్‌కు తేడా ఏముంటదక్కా?’ ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. రోజంతా కండోమ్ పనికి గుర్తు అయినప్పుడు, అది లేని ఒక్క చోటే ఇల్లు అనిపిస్తుంది. అది తప్పు అని నేను అనను. కానీ క్రిమికి ఆ తేడా తెలియదు.

ఆయన లారీ డ్రైవర్ కాబట్టి అనుమానించమని చెప్పడం లేదు. డ్రైవర్లందరూ అలాంటివాళ్లని అనడం అన్యాయం. ఏ మనిషైనా, మీకంటే ముందు ఆయనకు ఒక జీవితం ఉంటుంది. అప్పుడు వచ్చిన జబ్బు ఇప్పటికీ తెలియకుండా ఉండొచ్చు. హెచ్‌ఐవీ పైకి ఏమీ కనిపించకుండా ఎనిమిది, పదేళ్లు ఉండగలదు. అలాగే ఎప్పుడో మీ దగ్గర ఒక కండోమ్ చిరిగి ఉంటే మీ నుంచి ఆయనకు వెళ్లి ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికి అన్న లెక్క తీస్తే ఇల్లు కూలుతుంది, జబ్బు మాత్రం పోదు. ఆ లెక్క మీరు తీయకండి, ఆయన్ను తీయనివ్వకండి.

నేను చూసినంతలో పనిచేసిన పద్ధతి ఇది. ఇద్దరూ కలిసి పరీక్ష చేయించుకోవాలి. అప్పటి నుంచి మూడు నెలలు ఇంట్లో కూడా కండోమ్ వాడాలి. మూడు నెలల తర్వాత హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మళ్లీ. మూడు నెలలు ఎందుకంటే, హెచ్‌ఐవీ ఒంట్లోకి వచ్చిన కొత్తలో పరీక్షలో దొరకదు. ఆ గడువు దాటాక నెగెటివ్ వస్తేనే ఆ మాటను నమ్మొచ్చు. రెండుసార్లూ ఇద్దరికీ నెగెటివ్ వస్తే ఆ తర్వాత ఏం చేయాలో మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. మీరు పని చేస్తున్నంత కాలం ఇంట్లో కూడా వాడడమే మంచిదని నా మాట. ఆ మూడు నెలలు వాడినవాళ్లలో చాలామంది తర్వాత కూడా వాడారు, అలవాటు పడితే గొడవ తగ్గిపోతుంది.

ఆయనకు ఎలా చెప్పాలో తెలియకపోతే నేరం మా మీద వేయండి. ‘తెల్లబట్ట అవుతోందని చూపించుకున్నా, మూడు నెలలు ఇవి వాడాలని మేడమ్ గట్టిగా చెప్పింది’ అనండి. నన్ను తిట్టుకున్న మగవాళ్లు ఈ జిల్లాలో బోలెడంతమంది ఉన్నారు, నాకేం నష్టం లేదు. ఒకామె అదే తెల్లబట్ట, అదే దుర్వాసనతో నాలుగు నెలల్లో మూడుసార్లు వచ్చింది. మందు వాడినప్పుడల్లా తగ్గేది, మళ్లీ వచ్చేది. మూడోసారికి ఆయన్ను తీసుకొచ్చింది. ఆయన లోపలికి రాలేదు, గేటు బయట బండి మీదే కూర్చున్నాడు. మా అటెండరన్న పోయి చాయ్ తాగిస్తూ గంటసేపు మాట్లాడితే అప్పుడు లోపలికి వచ్చాడు. ఇద్దరికీ ఒకేసారి మందు పడింది. నాలుగోసారి ఆమె రాలేదు, ఫోన్ చేస్తే ‘మంచిగున్న’ అన్నది. మందు ఒక్కరే వాడితే ఎన్నిసార్లు వాడినా ఇంతే. వాడాక వారం రోజులు కలవకుండా ఉండాలి కూడా.

కండోమ్ అవసరం లేదని మన దగ్గర గట్టిగా నాటుకుపోయిన మాట ఇంకొకటుంది: ‘నాకు ఆపరేషన్ అయిపోయింది కదా.’ ఇద్దరు పిల్లలు పుట్టగానే కు.ని. చేయించుకునే ప్రాంతం మనది. ఆపరేషన్ గానీ, కాపర్-టీ గానీ, గోలీలు గానీ గర్భాన్ని మాత్రమే ఆపుతాయి. జబ్బును కాదు.

సరే, దవాఖానలో ఏం జరుగుతుందో చెప్తాను. తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. పెద్ద ప్రభుత్వ దవాఖానల్లో సుఖవ్యాధులకు ‘సురక్ష క్లినిక్’ అని ఉంటుంది. వరంగల్‌లో అయితే ఎంజీఎంలో చర్మ, సుఖవ్యాధుల విభాగం, హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉన్నాయి. హెచ్‌ఐవీ పరీక్ష ఐసీటీసీలో, అంటే సర్కారు కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రంలో చేస్తారు. డబ్బు అక్కర్లేదు. మీరు ఏదైనా ప్రాజెక్టులో పేరు రాయించుకుంటే పీర్ ఎడ్యుకేటర్ మీ వెంటే వస్తుంది. ఆమె కూడా మీ పని నుంచే వచ్చిన మనిషి. క్యూలో మీ పక్కన నిలబడుతుంది. మొదటిసారికి ఇది చాలా ధైర్యం.

లోపలి పరీక్షకు వచ్చే ముందు రోజు లోపల కడుక్కోవద్దు, నెలసరిలో రావద్దు, బల్ల ఎక్కే ముందు మూత్రం పోసి రండి. స్పెక్యులమ్ అని బాతు ముక్కులా ఉండే పరికరంతో లోపల తెరిచి చూస్తారు. చల్లగా తగులుతుంది, ఒత్తినట్టుంటుంది. ఒళ్లు బిగబట్టుకుంటే నొప్పి, నోటితో మెల్లగా ఊపిరి వదిలితే సులువు. రెండు నిమిషాల పని. డాక్టరు చూసేదాన్ని బట్టి రంగు కిట్ ఇస్తారు. బూడిద రంగుది గర్భసంచి మూతి దగ్గర చీముకు, ఆకుపచ్చది తెల్లబట్టకు, తెల్లది నొప్పి లేని పుండుకు, ఎర్రది నీటిపొక్కుల హెర్పిస్‌కు. ఆకుపచ్చ కిట్ వాడినప్పుడు కల్లు గానీ వేరే మద్యం గానీ రెండు రోజులు ముట్టుకోవద్దు, తాగితే విపరీతంగా వాంతులవుతాయి.

మీరు నెలనెలా సూదిలో వెతుకుతున్న ముందుజాగ్రత్త ఒక రకంగా ఇక్కడ ఉంది. నేను పనిచేసినంత కాలం, సెక్స్ వర్క్‌లో ఉన్నామని చెప్పి మొదటిసారి వచ్చినవాళ్లకు లక్షణాలు లేకపోయినా బూడిద కిట్ ఇచ్చేవాళ్లు, తెలియకుండా లోపల ఉండే గనేరియా, క్లామిడియా పోవడానికి. అది కూడా ఊరికే నెలనెలా కాదు. ఆ తర్వాత మూడు నెలలకోసారి చెకప్, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలు. ఇదీ పద్ధతి. హెపటైటిస్-బీ పరీక్ష చేయించుకుని, జబ్బు లేదని తేలితే టీకా వేయించుకోండి. మూడు డోసులు, మొదటిది వేశాక నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. దీన్ని చాలామంది వదిలేస్తారు, వదిలేయకండి. మీకు 30 దాటాయి కాబట్టి గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్ష కూడా అడగండి. వెనిగర్ లాంటి నీళ్లు రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్ల మచ్చ తేలితే ముందే పట్టుకోవచ్చు.

డాక్టరుతో ఒక్క విషయం దాచకండి. నోటితో, వెనక నుంచి కూడా కలయిక జరుగుతుంటే చెప్పండి. ఆ చోట్ల కూడా ఈ జబ్బులు వస్తాయి. చెప్పకపోతే ఎవరూ చూడరు.

పేరు భయం. నిజం చెప్తాను, మర్యాద లేకుండా మాట్లాడే మనుషులు దవాఖానల్లో ఉన్నారు. ఒకచోట ఓపీ చీటీ రాసేటప్పుడు ‘ఏం పని చేస్తవ్’ అని పదిమందిలో గట్టిగా అడిగితే, ఒకమ్మాయి నా చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయింది. మళ్లీ రావడానికి ఏడాదిన్నర పట్టింది. అందుకే కౌంటర్ దగ్గర మీ పని చెప్పక్కర్లేదు. ‘లేడీస్ ప్రాబ్లమ్’ అంటే చాలు. గదిలో కౌన్సెలర్‌కు, డాక్టరుకు చెప్పండి. చట్టం మీ వైపు ఉంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీరు ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, మీ ఫలితం బయట చెప్పకూడదు. పరీక్ష చేయించుకున్నందుకు పోలీసులకు చెప్పడమన్నది లేదు. 18 ఏళ్ల లోపు పిల్లల విషయం వేరు, అక్కడ పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి.

పోలీసు భయంతో పర్సులో కండోమ్ పెట్టుకోనివాళ్లు నాకు చాలామంది తెలుసు. తనిఖీలో కండోమ్ దొరికితే అదే సాక్ష్యం అనేవాళ్లు. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూడకూడదని ఉంది. సెక్స్ వర్కర్ మీద లైంగిక దాడి జరిగితే ఏ బాధితురాలికైనా ఇచ్చినట్టే వైద్యం ఇవ్వాలనీ ఉంది. 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టం కింద వ్యభిచార గృహం నడపడం, బహిరంగంగా పిలవడం ఇప్పటికీ నేరమే. ఈ రెండూ తెలిసి ఉండండి.

కొన్ని అలవాట్లు త్వరగా చెప్పేస్తాను. కస్టమర్ పోగానే డెట్టాల్‌తో, సబ్బుతో, ఉప్పునీళ్లతో లోపల కడగొద్దు. లోపల ఉండే మంచి క్రిములు పోతాయి, చర్మం ఒరుసుకుంటుంది, జబ్బు ఇంకా సులువుగా పడుతుంది. బయట మాత్రం నీళ్లతో కడగండి, అది చాలు. కండోమ్‌తో కొబ్బరినూనె, వాజ్‌లైన్ వాడొద్దు, రబ్బరు నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. నీటితో చేసిన జెల్లీ వాడండి. రెండు కండోములు ఒకదాని మీద ఒకటి వేస్తే రాపిడికి రెండూ చిరుగుతాయి. జాకెట్లో, ఎండలో పెట్టిన బండి డిక్కీలో దాచిన ప్యాకెట్ వాడొద్దు. వేలితో నొక్కి చూడండి, లోపల గాలి బుడగ తగలాలి.

నెలసరిలో పని ఆపలేక లోపల దూది పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. ఎవరూ పైకి చెప్పరు. దయచేసి మానేయండి. ఒకామె పది రోజులుగా భరించలేని వాసన అని వచ్చింది. డాక్టరమ్మ ఫోర్సెప్స్‌తో తీసిన దూది ముక్క నల్లబడి ఉంది. అది లోపల ఉన్న సంగతే ఆమెకు గుర్తు లేదు. ఆ వాసనకు గదిలో మేమంతా కిటికీలు తెరిచాం, ఆమె తల ఎత్తలేదు. తల దించుకోవాల్సింది ఆమె కాదు. ఆ నాలుగు రోజులు పని మానుకుంటే ఇంటి కిరాయి కట్టలేని పరిస్థితి ఆమెది.

ఎక్కువ డబ్బులిస్తాను కండోమ్ వద్దు అనేవాడు ఎప్పుడూ ఉంటాడు. తాగి ఉన్నవాడితో వాదన పెట్టుకోవద్దు, దెబ్బలు తింటారు. డబ్బు మాట్లాడేటప్పుడే, ఫోన్లోనే, కండోమ్ మాట తేల్చుకోవడం మేలు. మీరు ఇప్పటికే అలా చేస్తున్నారని మీ మాటల్లో తెలుస్తోంది. అది నిజంగా పెద్ద పని.

కండోమ్ చిరిగినా, బలవంతంగా తీసేసినా 72 గంటల్లోపు దవాఖానకు పోవాలి. ఎంత ముందైతే అంత మంచిది. మొదటి కొన్ని గంటల్లో అయితే ఇంకా మేలు. పెప్ అని 28 రోజుల మందు ఉంది, రోజూ తప్పకుండా వాడితే హెచ్‌ఐవీ అంటుకోకుండా ఆపగలదు. ఒకసారి మిర్చి సీజన్‌లో ఒకమ్మాయికి ఇలాగే అయింది. ఇంట్లో రెండు రోజులు ఏడుస్తూ కూర్చుని మూడో రోజు ఉదయం ఫోన్ చేసింది. లెక్క వేస్తే 60 గంటలు. ఆటో ఎక్కించి ఏఆర్‌టీ సెంటర్‌కు తీసుకుపోయాం. మొదటి వారం తలతిరుగుడు, వికారం అని ఆపేస్తానంది. రోజూ రాత్రి ఫోన్ చేసి మింగించాను. మూడు నెలల తర్వాత నెగెటివ్. గర్భం భయం ఉంటే ఎమర్జెన్సీ గోలీ కూడా ఆ 72 గంటల్లోపే. ప్రమాదం ఎప్పుడూ ఎక్కువగా ఉండేవాళ్లకు రోజూ ముందుగానే వేసుకునే ప్రెప్ గోలీలు కూడా వచ్చాయి, డాక్టరును అడగండి. ఆడవాళ్లకు అవి రోజూ వేసుకుంటేనే పనిచేస్తాయి. గనేరియా, సిఫిలిస్‌ను మాత్రం ఆపవు.

ఒకవేళ హెచ్‌ఐవీ పాజిటివ్ వస్తే? ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూసి గానీ పాజిటివ్ అని చెప్పరు. 2017 నుంచి సీడీ4 (రోగాన్ని తట్టుకునే కణాల లెక్క) ఎంతున్నా అందరికీ వెంటనే మందు మొదలుపెడుతున్నారు. సాధారణంగా రోజుకు ఒక్క గోలీ, ఉచితం. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గి అలాగే నిలబడితే కలయిక ద్వారా ఇంకొకరికి వెళ్లదు. 2005 ప్రాంతంలో నేను ఫీల్డులో తిరిగినప్పుడు ఇల్లిల్లూ వెతికి చావు కబుర్లు మోసేవాళ్లం. అప్పటి ఆడవాళ్లలో మందు దొరికి నిలబడినవాళ్లు ఇప్పుడు మనవళ్లను ఎత్తుకుని క్లినిక్‌కు వస్తున్నారు. కాబట్టి ఆ రిపోర్టుకు భయపడి పరీక్షే మానుకోవద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఈసారి నెలసరి అయిపోయిన మూడు నాలుగు రోజులకు, ఉదయం ఓపీ మొదలయ్యే సమయానికి పోండి. ఆ ఆర్‌ఎంపీ సూది పేరు గుర్తుంటే, సీసా ఉంటే ఫొటో తీసుకుపోండి, ఏదైనా మందు పడనిది ఉంటే అది కూడా చెప్పండి. ఒంటరిగా పోవడానికి మనసు ఒప్పకపోతే ముందు 1097కు ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ, పేరు చెప్పక్కర్లేదు. మీకు దగ్గర్లో ఏ క్లినిక్ ఉందో, ఏ రోజు పోవాలో చెప్తారు. పరీక్ష అయ్యాక ఏ రిపోర్టు అర్థం కాకపోయినా పేరు, నంబరు కనపడకుండా అంకెలు మాత్రం ఇక్కడ కింద రాయండి, చదివి చెప్తాను.